మార్పు కన్నా వేగం ముఖ్యం!

గడ్డం మీద రోమాలు, మొటిమలు, నెలసరి తప్పటం... వయసులో ఉన్న ఆడపిల్లల్లో వీటికి చాలావరకూ పీసీఓఎస్సే కారణం. కానీ అరుదుగా కొందరిలో అండాశయంలోని హార్మోన్ కణితి కూడా ఇవే లక్షణాలతో బయటపడుతుంది. రెండింటినీ విడదీసే తొలి ఆధారం స్కానింగులో కాదు, మీ ఇంట్లోనే దొరుకుతుంది. ‘ఈ మార్పు ఎన్నాళ్లలో వచ్చింది?’ అన్న ప్రశ్నే ఆ ఆధారం.

అమ్మాయి గడ్డం మీద నాలుగు వెంట్రుకలు కనిపించగానే చాలా ఇళ్లలో జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు బ్యూటీపార్లర్‌లో థ్రెడింగ్. తర్వాత మొటిమలకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము. నెలసరి తప్పితే ‘పరీక్షల ఒత్తిడి’ అనుకోవటం. పెద్దమ్మో, మేనత్తో ‘పెళ్లయితే అదే సర్దుకుంటది’ అనటం. ఆందోళన మరీ ఎక్కువైతే ఒక స్కానింగు, ‘నీటిబుడగలు ఉన్నాయి’ అన్న మాట, నెలసరి రావటానికి మాత్రలు.

చాలామంది విషయంలో ఇది ప్రాణం మీదికి రాదు. ఎందుకంటే వారికి ఉండేది పీసీఓఎస్. సంతానం కలిగే వయసు స్త్రీలలో సుమారు 6 నుంచి 13 శాతం మందికి ఈ సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కానీ బహు కొద్దిమందిలో ఇవే లక్షణాల వెనక అండాశయ కణితి దాగి ఉంటుంది. పైన వెంట్రుకలు తీసేస్తుంటాం. లోపల కణితి పెరుగుతూనే ఉంటుంది. తొలిదశలో పట్టుకుంటే ఒక ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే గొంతు మారిపోవటం వంటి కొన్ని మార్పులు శాశ్వతంగా ఉండిపోవచ్చు. కణితి క్యాన్సర్‌దైతే ఇతర భాగాలకూ పాకొచ్చు. కాబట్టి భయపడకుండానే, ఏది మామూలో ఏది కాదో తెలుసుకోవటం అవసరం.

అండాశయంలో ఏం జరుగుతుంది?

అండాశయం చూడటానికి బాదంకాయంత ఉంటుంది. అండాన్ని పెంచి విడుదల చేయటం, హార్మోన్లను తయారుచేయటం దాని ముఖ్యమైన పనులు. పెరుగుతున్న అండం చుట్టూ గ్రాన్యులోసా కణాలు, వాటి వెలుపల థీకా కణాలు ఉంటాయి. థీకా కణాలు ముందు పురుష హార్మోన్లను తయారుచేస్తే, గ్రాన్యులోసా కణాలు వాటిని స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. అంటే ప్రతి ఆడపిల్ల ఒంట్లోనూ టెస్టోస్టిరాన్ కొద్దిగా ఉంటుంది. అది తప్పేమీ కాదు.

ఈ తయారీ అంతా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి అదుపులో సాగుతుంది. హార్మోన్ తగ్గితే పిట్యూటరీ నుంచి పిలుపు పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. హార్మోన్లు తయారుచేసే కణాల్లోంచే కణితి పుట్టిందనుకోండి. అది ఈ అదుపును పెద్దగా లెక్కచేయదు. కణితి పెరిగేకొద్దీ హార్మోన్ కూడా పెరుగుతూ పోతుంది. లక్షణాలు వేగంగా ముదరటానికి కారణం ఇదే.

మనం ఎక్కువగా వినే అండాశయ క్యాన్సర్ వేరు. అది సాధారణంగా 50 దాటిన వారిలో కనిపిస్తుంది. మనం చెప్పుకొంటున్న కణితులు అండాశయం లోపలి కణాల నుంచి పుడతాయి. వీటిలో కొన్ని 30 ఏళ్లలోపు వారిలోనే ఎక్కువ.

ఏ కణితి ఎలా బయటపడుతుంది?

సెర్టోలి-లేడిగ్ కణితి: అండాశయ కణితులన్నింటిలో ఇవి అర శాతం కన్నా తక్కువే. సెర్టోలి, లేడిగ్ అనేవి నిజానికి మగవారి వృషణాల్లో ఉండే కణాల పేర్లు. అలాంటి కణాలే అండాశయంలో పుట్టుకొస్తే టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారవుతుంది. ఈ కణితి బారినపడేవారి సగటు వయసు సుమారు 25 ఏళ్లు. నెలసరి తగ్గి ఆగిపోవటం, గడ్డం, మీసం, ఛాతీ మీద దట్టమైన వెంట్రుకలు, మొటిమలు, గొంతు బొంగురుపోవటం, నుదుటి పక్కల జుట్టు పల్చబడటం, రొమ్ములు తగ్గటం, యోనిశీర్షిక పెద్దది కావటం ఇందులో కనిపించొచ్చు. అందరిలోనూ హార్మోన్ పెరగదు. కొందరిలో కడుపులో గడ్డ, నొప్పి మాత్రమే ఉంటాయి.

గ్రాన్యులోసా కణితి: ఇది ఎక్కువగా ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి. పెద్దవయసులో వచ్చేదే ఎక్కువ. పిల్లల్లో, 30 ఏళ్లలోపు వారిలో వచ్చే రకం గ్రాన్యులోసా కణితుల్లో సుమారు 5 శాతం. చిన్నపిల్లల్లో వయసుకు ముందే రొమ్ములు పెరగటం, రక్తస్రావం కావటం ద్వారా బయటపడుతుంది. యువతుల్లో నెలసరి ఆగిపోవచ్చు లేదా వేళాపాళా లేకుండా ఎక్కువ రక్తం పోవచ్చు. ఈస్ట్రోజెన్ ఎక్కువకాలం పనిచేస్తే గర్భాశయం లోపొర మందమవుతుంది. అందుకే దీన్ని అనుమానిస్తే లోపొరను కూడా పరిశీలిస్తారు.

బీజకణ కణితులు: అండంగా మారాల్సిన కణాల నుంచి పుట్టేవివి. టీనేజీలో, ఇరవైల్లో ఎక్కువ. వీటిలో కొన్ని గర్భిణుల్లో ఉండే హెచ్‌సీజీ హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అందువల్ల గర్భం లేకపోయినా ప్రెగ్నెన్సీ పరీక్ష పాజిటివ్ అని చూపించొచ్చు. పెళ్లికాని అమ్మాయి విషయంలో ఇది ఇంట్లో ఎంత గొడవకు దారితీస్తుందో చెప్పక్కర్లేదు. పాజిటివ్ వచ్చినప్పుడు మామూలు గర్భం, గర్భాశయం వెలుపల గర్భం, మరింకేదైనా కారణం... ఏదో తేల్చాల్సింది వైద్యులు. అమ్మాయిని నిలదీయకండి. అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకా అరుదుగా థైరాయిడ్ హార్మోన్‌ను తయారుచేసే అండాశయ కణితి కూడా ఉంటుంది. మెడలోని థైరాయిడ్ గ్రంథి బాగానే ఉన్నా గుండెదడ, బరువు తగ్గటం, చేతులు వణకటం కనిపిస్తాయి.

పీసీఓఎస్‌కూ కణితికీ తేడా ఇదీ

పీసీఓఎస్ నెమ్మదిగా నడిచే సమస్య. రజస్వల అయిన కొద్దికాలం నుంచే నెలసరి తప్పుతూ ఉంటుంది. రోమాలు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతాయి. చాలామందిలో బరువు కూడా తోడవుతుంది. తల్లికో, అక్కకో ఇలాంటి ఇబ్బందే ఉండొచ్చు. గొంతు మాత్రం మారదు.

కణితి కథ వేరు. నిన్నమొన్నటి వరకూ నెలనెలా సరిగ్గా వచ్చిన నెలసరి హఠాత్తుగా ఆగిపోతుంది. నెలల్లోనే రోమాలు దట్టమవుతాయి. నెలకోసారి థ్రెడింగ్ చేయించుకునే అమ్మాయి వారానికోసారి, ఆ తర్వాత రోజూ షేవ్ చేసుకోవాల్సి వస్తుంది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు ‘ఎవరన్నా?’ అని అడుగుతారు. కాబట్టి ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా పీసీఓఎస్ అని సరిపెట్టుకోవద్దు.

• అంతకుముందు లేని రోమాలు 6 నెలల నుంచి ఏడాదిలోపే దట్టంగా రావటం.
• గొంతు బొంగురుపోయి, జలుబు తగ్గినా మామూలు కాకపోవటం.
• మగవారిలా నుదుటి పక్కల, నడినెత్తి మీద జుట్టు ఊడటం.
• వ్యాయామం లేకున్నా భుజాలు, కండలు పెరగటం, రొమ్ములు చిన్నవి కావటం.
• యోనిశీర్షిక పెద్దది కావటం.
• క్రమంగా వచ్చే నెలసరి ఉన్నట్టుండి ఆగిపోవటం, లేదా ఆగకుండా రక్తం పోవటం.
• పొత్తికడుపులో గడ్డ తగలటం, కొద్దిరోజుల్లోనే కడుపు ఉబ్బటం.
• 8 ఏళ్లలోపు పాపకు రొమ్ములు పెరగటం, రక్తస్రావం కావటం.
• పీసీఓఎస్ మందులు కొన్ని నెలలు సరిగ్గా వాడినా లక్షణాలు ముదురుతూనే ఉండటం.

ఇందులో కొన్ని అమ్మాయి నోరువిప్పి చెబితే తప్ప తెలియవు. సిగ్గుతో చాలామంది చెప్పరు. ‘ఏమైందే నీకు?’ అని అందరి ముందూ అడిగితే అసలే చెప్పరు. తల్లి ఒంటరిగా కూర్చోబెట్టుకుని ‘బిడ్డా, ఒంట్లో ఏమన్నా కొత్తగా మారినట్టు అనిపిస్తోందా? నీ తప్పేం లేదు, చెప్పు’ అని అడిగితే సగం పని అయినట్టే.

వేగంగా వచ్చినా అన్నీ కణితులు కావు

త్వరగా వచ్చిన మార్పులన్నింటికీ అండాశయమే కారణం కాదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లో కణితి వచ్చినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. స్టిరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే కుషింగ్స్ సమస్యలో ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తాయి. పుట్టుకతో వచ్చే అడ్రినల్ ఎంజైమ్ లోపం కొందరిలో టీనేజీలో బయటపడి పీసీఓఎస్‌లాగే ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది. కాబట్టి మేనరికాల్లో దీని అవకాశం ఎక్కువ. మీది మేనరికమైతే డాక్టర్‌కు తప్పక చెప్పండి.

వాడే మందులు కూడా కారణం కావొచ్చు. ముఖం తెల్లబడాలని మందుల షాపులో కొనే కొన్ని క్రీముల్లో శక్తిమంతమైన స్టిరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే ముఖం ఎర్రబడి, మొటిమలు, రోమాలు వస్తాయి. కొన్ని మూర్ఛ మందులు, జిమ్‌లలో ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లూ ఇలాంటి ఇబ్బందులు తేగలవు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర, క్రీము, పొడి డబ్బాను సంచిలో వేసుకుని వెళ్లండి.

పరీక్షలు ఎలా సాగుతాయి?

మొదటి పరీక్ష మాటలే. ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది, నెలసరి తేదీలేమిటి అని డాక్టర్ అడుగుతారు. రోమాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, పొట్టలో గడ్డ తగులుతోందో చూస్తారు. వెళ్లేముందు ముఖం మీది వెంట్రుకలు తీయించుకోవద్దు. సిగ్గనిపించినా ఆ ఒక్కరోజు అలాగే వెళ్లండి. ఏడాది, రెండేళ్ల కిందటి ఫొటోలు, గొంతు వినిపించే పాత వీడియోలు ఫోన్లో ఉంటే చూపించండి. పోల్చి చూడటానికి అంతకు మించిన ఆధారం ఉండదు.

తర్వాత రక్తపరీక్షలు. నెలసరి ఆగితే ముందు ప్రెగ్నెన్సీ పరీక్ష, థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూస్తారు. పురుష హార్మోన్ లక్షణాలుంటే మొత్తం టెస్టోస్టిరాన్, డీహెచ్ఈఏ-సల్ఫేట్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అవసరమవుతాయి. స్త్రీలలో టెస్టోస్టిరాన్ సాధారణంగా డెసిలీటర్‌కు 70 నానోగ్రాములు దాటదు. ల్యాబును బట్టి ఇది కొంచెం మారుతుంది. పీసీఓఎస్‌లో కాస్త పెరుగుతుంది. 150, 200 దాటితే కణితిని అనుమానించి వెతకాలి. డీహెచ్ఈఏ-సల్ఫేట్ డెసిలీటర్‌కు 700 మైక్రోగ్రాములు దాటితే చూపు అడ్రినల్ గ్రంథి వైపు మళ్లుతుంది. ఈ అంకెలు గీత గీసినట్టు ఉండవు. అంకె తక్కువున్నా మార్పు వేగంగా ఉంటే వెతకాల్సిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. జుట్టు రాలుతోందని చాలామంది బయోటిన్ మాత్రలు వాడుతుంటారు. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ హార్మోన్ పరీక్షల ఫలితాన్ని తారుమారు చేస్తుంది. టెస్టోస్టిరాన్ లేకున్నా ఎక్కువున్నట్టు చూపించగలదు. రక్తం ఇచ్చేముందు ఈ మాట చెప్పి, ఎన్నిరోజులు ఆపాలో అడగండి. గర్భనిరోధక మాత్రలు కూడా హార్మోన్ల లెక్కను మారుస్తాయి. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్‌ను అడిగే ఆపాలి.

అండాశయంలో గడ్డ కనిపిస్తే కణితి గుర్తులను చూసే రక్తపరీక్షలు చేయిస్తారు. గ్రాన్యులోసా కణితికి ఇన్‌హిబిన్-బి, ఏఎంహెచ్. బీజకణ కణితులకు ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ ఉపయోగపడతాయి. ఏఎంహెచ్ పీసీఓఎస్‌లోనూ పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి నిర్ణయానికి రాకూడదు. చాలామంది భయపడే సీఏ-125 యువతుల్లో అంతగా నమ్మదగ్గది కాదు. నెలసరి సమయంలో, ఎండోమెట్రియోసిస్‌లో, కడుపులో క్షయ ఉన్నా అది పెరుగుతుంది.

‘స్కానింగులో ఏమీ లేదు’ అంటే?

పెళ్లికాని అమ్మాయిలకు సాధారణంగా పొట్ట మీది నుంచే అల్ట్రాసౌండ్ చేస్తారు. మూత్రాశయం నిండుగా ఉంటేనే అండాశయాలు స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి నీళ్లు బాగా తాగి, మూత్రానికి వెళ్లకుండా ఉండాలి. సెర్టోలి-లేడిగ్, గ్రాన్యులోసా కణితులు చాలావరకూ దొరికేంత పెద్దగానే ఉంటాయి. కానీ టెస్టోస్టిరాన్ తయారుచేసే కొన్ని రకాలు ఒకటి రెండు సెంటీమీటర్లే ఉండి చూపుకు అందకపోవచ్చు. హార్మోన్ బాగా ఎక్కువుండి స్కానింగులో ఏమీ లేకపోతే అక్కడితో ఆపొద్దు. అండాశయాలకు ఎంఆర్‌ఐ, అడ్రినల్ గ్రంథులకు సీటీ అవసరమవుతాయి.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరుగుతుంటుంది. స్కానింగులో ‘నీటిబుడగలు’ అన్నంత మాత్రాన అది జబ్బు కాదు. టీనేజీలో చాలామంది ఆరోగ్యవంతుల అండాశయాలూ అలాగే కనిపిస్తాయి. వయసు పిల్లల్లో 3, 4 సెంటీమీటర్ల నీటితిత్తి ఒకటి రెండు నెలల్లో దానంతటదే కరిగిపోవటమూ మామూలే. అందుకే రిపోర్టులోని ఒక్క పదం పట్టుకుని భయపడటం, ధీమాగా ఉండటం రెండూ తప్పే.

మన దగ్గర ఎక్కడికి వెళ్లాలి?

పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాబట్టి తొలి అడుగుకు దూరం పోనక్కర్లేదు. మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, మీకు తెలిసిన గైనకాలజిస్ట్ దగ్గర గానీ చూపించుకుని, ప్రాథమిక రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్ అక్కడే చేయించుకోవచ్చు. ప్రభుత్వ తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఏయే హార్మోన్ పరీక్షలు ఉచితంగా దొరుకుతాయో ఆసుపత్రిలోనే అడగండి.

అనుమానం బలంగా ఉంటే తర్వాతి అడుగు వరంగల్. అక్కడ కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఎంజీఎం ఆసుపత్రి ఉంది. కణితి ఖాయమైతే, లేదా హార్మోన్ ఎక్కువుండి కణితి ఎక్కడుందో తేలకపోతే హైదరాబాద్ వెళ్లాల్సి రావొచ్చు. హార్మోన్ నిపుణుల కోసం నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులు, క్యాన్సర్ చికిత్సకు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ప్రభుత్వ రంగంలో ఉన్నాయి. జనగామ, మహబూబాబాద్ వారికి రైలు సదుపాయం ఉంది. భూపాలపల్లి వారు రోడ్డు మార్గానే వరంగల్ చేరుకోవాలి. అందుకే ఒక్కో పరీక్షకు ఒక్కోసారి తిరగకుండా, ఏమేం తీసుకురావాలో ముందే అడిగి రాసుకోండి. పాత రిపోర్టులతో పాటు స్కానింగు ఫిల్ములు, సీడీలూ వెంట ఉంచుకోండి.

ఖర్చు విషయానికొస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్రభుత్వ ఉద్యోగులు, సింగరేణి కుటుంబాలు తమ వైద్య సదుపాయం కింద రిఫరల్ ఎలా పొందాలో ముందే కనుక్కోవాలి. ప్రైవేటు బీమా ఉంటే ఆపరేషన్‌కు ముందే అనుమతి తీసుకోవటం మంచిది.

ఆపరేషన్ అంటే పిల్లలు పుట్టరా?

తల్లిదండ్రులు బయటికి అడగలేక లోలోపల నలిగిపోయే ప్రశ్న ఇదే. ఈ భయంతోనే కొందరు ఆపరేషన్‌ను వాయిదా వేస్తారు. వాస్తవం ధైర్యమిచ్చేదే. ఈ కణితులు చాలావరకూ ఒకవైపు అండాశయంలోనే, తొలిదశలోనే దొరుకుతాయి. అలాంటప్పుడు ఆ అండాశయాన్ని, దాని పక్కనున్న ట్యూబును మాత్రమే తీస్తారు. గర్భాశయం, రెండో అండాశయం అలాగే ఉంటాయి. ఒక అండాశయంతో నెలసరి వస్తుంది, గర్భం దాల్చొచ్చు, బిడ్డను కనొచ్చు.

కణితిని చిట్లకుండా, మొత్తంగా తీయటం చాలా ముఖ్యం. లోపల పగిలితే కణాలు చిందే ప్రమాదముంది. అందుకే అనుమానపు గడ్డను సూదితో గుచ్చి నీరు తీయించుకోవద్దు. ఇలాంటి ఆపరేషన్‌ను వీలైతే క్యాన్సర్ శస్త్రచికిత్సలో అనుభవమున్న గైనకాలజిస్ట్‌తో చేయించుకోవాలి. ముందురోజే ఈ ప్రశ్నలు అడగండి: ‘ఒకవైపే తీస్తారా? రెండో అండాశయాన్ని ఎలా పరీక్షిస్తారు? లోపల వేరే ఏదైనా కనిపిస్తే మమ్మల్ని అడిగాకే నిర్ణయం తీసుకుంటారా?’ కీమోథెరపీ అవసరం పడొచ్చంటే, అండాలను ముందే భద్రపరిచే మార్గాల గురించీ అప్పుడే అడగాలి.

తీసిన కణితి ఏ రకమో తేల్చేది బయాప్సీ. ఇవి అరుదైనవి కావటంతో సూక్ష్మదర్శినిలో ఒకదాన్ని చూసి మరొకటి అనుకునే అవకాశముంది. ఇన్‌హిబిన్, కాల్‌రెటినిన్ వంటి ప్రత్యేక రంగుల పరీక్షలు అవసరమవుతాయి. పెద్దవయసు రకం గ్రాన్యులోసా కణితుల్లో దాదాపు అన్నింట్లోనూ ఫాక్స్ఎల్2 అనే జన్యువులో ఒకే మార్పు ఉంటుందని 2009లో గుర్తించారు. దాని పరీక్ష కూడా రకం తేల్చటానికి తోడ్పడుతుంది. మీరు చేయాల్సిందల్లా బయాప్సీ రిపోర్టుతో పాటు మైనం దిమ్మలు, గాజు పలకలు ఎక్కడున్నాయో తెలుసుకోవటం. వాటిని ‘బ్లాకులు, స్లైడ్లు’ అంటారు. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు కాగితం కన్నా అవే ముఖ్యం.

తొలిదశలో, నెమ్మది రకమైతే చాలామందికి ఆపరేషనే సరిపోతుంది. వ్యాపించినా, తీవ్ర రకమైనా కీమోథెరపీ అవసరమవుతుంది. బీజకణ కణితులైతే పాకిన దశలోనూ కీమోకు బాగా లొంగుతాయి.

తర్వాత ఏం తిరిగొస్తుంది?

కణితిని తీసిన కొద్దిరోజుల్లోనే టెస్టోస్టిరాన్ పడిపోతుంది. నెలసరి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో మళ్లీ మొదలవుతుంది. మొటిమలు తగ్గుతాయి. కొత్తగా వచ్చే రోమాలు పల్చబడతాయి. కానీ అప్పటికే ముదిరిన రోమాలు వాటంతటవి రాలిపోవు. లేజర్ వంటివి అప్పుడు ఫలితమిస్తాయి. గొంతు, యోనిశీర్షికలో వచ్చిన మార్పు పూర్తిగా వెనక్కి వెళ్లకపోవచ్చు. ఆలస్యానికి అమ్మాయి చెల్లించే మూల్యం ఇదే. స్వరచికిత్స నిపుణుల సాయంతో గొంతును కొంత మెరుగుపరచుకోవచ్చు.

మళ్లీ వస్తుందా అన్నది కణితి రకాన్ని బట్టి ఉంటుంది. సెర్టోలి-లేడిగ్ తిరగబెడితే చాలావరకూ మొదటి రెండు మూడేళ్లలోనే. గ్రాన్యులోసా పెద్దవయసు రకం మాత్రం 10, 20 ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావొచ్చు. కాబట్టి పెళ్లయి ఊరు మారినా, పిల్లలు పుట్టినా ఈ ఫైలు అమ్మాయి వెంటే వెళ్లాలి.

సెర్టోలి-లేడిగ్ ఉన్నవారిలో కొందరికి డైసర్1 అనే జన్యువులో పుట్టుకతోనే మార్పు ఉంటుంది. ఇలాంటి కుటుంబాల్లో చిన్నవయసులోనే థైరాయిడ్ గడ్డలు, పసిపిల్లల్లో అరుదైన ఊపిరితిత్తుల కణితులు కనిపించొచ్చు. ఇంట్లో అలాంటివి ఉంటే చెప్పండి. జన్యు సలహా తీసుకుంటే తోబుట్టువులనూ కాపాడుకోవచ్చు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

పొత్తికడుపులో ఒకపక్క హఠాత్తుగా భరించలేని నొప్పి, వెంట వాంతులు మొదలైతే కణితి ఉన్న అండాశయం మెలిపడి ఉండొచ్చు. దాని రక్తసరఫరా ఆగిపోతుంది. ‘గ్యాస్’ అని మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు. కళ్లు తిరగటం, పొట్ట గట్టిపడటం లోపల రక్తస్రావానికి సూచన. అర్ధరాత్రయినా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేరండి.

ఇంట్లో మీరు చేయాల్సింది

ఒక చిన్న నోటుబుక్ చాలు. నెలసరి వచ్చిన తేదీ, పోయిన తేదీ అమ్మాయే రాసుకోవాలి. కొత్త మార్పు ఏది కనిపించినా పక్కనే తేదీ వేయాలి. మూడు నెలలకోసారి ముఖం ఫొటో తీసి తన దగ్గరే దాచుకోవాలి. ఏళ్లుగా నెమ్మదిగా నడుస్తున్న సమస్యైతే తొందరలేదు, గైనకాలజిస్ట్‌ను కలిసి పీసీఓఎస్‌కు సరైన వైద్యం తీసుకోండి. నెలల్లోనే ఒళ్లు మారిపోతుంటే మాత్రం ఆ వారంలోనే వెళ్లండి. ‘పీసీఓఎస్సే’ అన్నా సరే, ‘ఇంత వేగంగా ఎందుకొచ్చింది డాక్టర్‌గారూ? టెస్టోస్టిరాన్ చూద్దామా?’ అని అడగటానికి మొహమాటపడొద్దు.

సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ సంగతి బయటికి పొక్కకూడదని అనిపించటం సహజమే. గుట్టుగానే ఉంచుకోండి, కానీ వైద్యాన్ని వాయిదా వేయకండి. ముహూర్తం నాలుగు నెలలు ఆలస్యమైతే ఏమీ కాదు. కణితి విషయంలో ఆ నాలుగు నెలలే చాలా విలువైనవి.